రెల్లులో తాళాలు

దేవుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలన్న దగ్గర మేనమామకీ మేనల్లుడికీ మాట తేడా వచ్చింది. అది విశ్వకర్మ పూజకి వారం ముందు సంగతి.

మేనమామ పేరు గణపతిరావు. జంషెడ్‌పూర్‌లో సిద్ధగోరా వాసి. ఇరవై ఎనిమిదేళ్లు ఓ ఫౌండ్రీలో మంటలార్పే జట్టులో పనిచేశాడు. అక్కణ్నుంచి బయటికొచ్చాక, ఊరి చివర నదిగట్టు పక్కన కొత్తగా పెట్టిన బ్యాటరీ యార్డులో ఫైర్‌వాచ్‌గా కుదిరాడు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, నుదుటి మీద బొట్టు ఆరకముందే సైకిలెక్కేవాడు. యార్డు చేరాక చుట్టూ ఒకసారి తిరిగి, మీటర్లు చూసి, పుస్తకంలో రాసేవాడు. నిజానికి ఆ తిరగడం కూడా ఆయనకి ప్రదక్షిణలాగే ఉండేది.

పగలు సోలారు పలకల మీద పుట్టిన కరెంటుని దాచిపెట్టి, ఊరు దీపాలు వేసుకునే వేళకి వదిలే చోటది. లారీ అంత పొడవున తెల్లటి ఇనప పెట్టెలు ఆరు వరసగా ఉంటాయి. లోపల అరల నిండా బ్యాటరీలు. అందరూ వాటిని డబ్బాలంటారు. గేటు స్తంభానికి ఒక సైరను, దాని కింద ఒక పసుపు దీపం. డబ్బాల్లో పొగో గ్యాసో పుడితే అవి రెండూ చెబుతాయి.

మేనల్లుడు ప్రేమ్‌కుమార్ అక్కడే టెక్నీషియను. జుగ్సలాయిలో ఉండే అక్క భద్రమ్మకి ఒక్కడే కొడుకు. ఆ పని గణపతిరావు చెప్పి పెట్టించిందే.

విశ్వకర్మ పూజనాడు ఆ ఊళ్లో బొట్టు లేని యంత్రం ఉండదు. లేతు మిషను దగ్గర్నుంచి సైకిలు పంపు దాకా అన్నిటికీ పూజే. ఆరోజు పెళ్లాం పిల్లల్ని కూడా పనిచేసే చోటుకి రానిస్తారు. పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టేస్తారు. పూజయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు.

కిందటేడు దేవుణ్ణి మూడో డబ్బా తలుపు ముందే కూర్చోబెట్టారు. సాంబ్రాణి పొగ గాలి జాలీలోంచి లోపలికెళ్లింది. సైరను మోగింది. ప్రేమ్‌కుమార్ తాళం తీసి, తలుపులు బార్లా తెరిచి, గంఛా తువ్వాలుతో పొగ బయటికి విసిరేశాడు. సైరను ఆగిపోయింది. "దేవుడికి దగ్గొచ్చిందిరా" అన్నారెవరో. అందరూ నవ్వారు. గణపతిరావు కూడా నవ్వాడు.

ఆ తర్వాత రెండు నెలలకి తనూజ అనే ఫైర్ ఆఫీసరు వచ్చి యార్డు వాళ్లందరికీ ఒక పూట పాఠం చెప్పింది. బ్యాటరీ ఒకటి లోపల చెడి వేడెక్కితే మంటకంటే ముందు గ్యాసు వస్తుందట. మూసిన డబ్బాలో అది నిండుతుంది. అప్పుడు ఎవరైనా తలుపు తీస్తే బయటి గాలి దాంతో కలుస్తుంది. చిన్న నిప్పురవ్వ తగిలితే చాలు, తలుపు దగ్గర మనిషి మిగలడు.

"కాబట్టి తలుపు తియ్యొద్దు. కరెంటు తెంపండి. మనుషుల్ని పొగ దారిలోంచి తప్పించండి. మాకు ఫోన్ చెయ్యండి. ఇంకేం చెయ్యొద్దు" అంది.

గణపతిరావు లేచి నిలబడ్డాడు. "ఏటీ చెయ్యకుండా ఉండడమేటి మేడమ్? ఇరవై ఎనిమిదేళ్లు మంటల్లోకి ఉరికినోణ్ణి. చేతులు కట్టుకుని నిలబడమంటారా?"

"అదే కష్టమైన పని. అందుకే నేర్పిస్తున్నాను" అందామె.

పూజనాటి నవ్వు గుర్తొచ్చి ఆయన మెల్లగా కూర్చున్నాడు.

అందుకే ఈసారి దేవుణ్ణి గేటు దగ్గర కూర్చోబెడదామన్నాడు. డబ్బాలకి ఎనభై అంగల దూరం. ప్రేమ్‌కుమార్‌కి అది నచ్చలేదు.

"గంట సేపు సైరను బంద్ చేసీ మావయ్యా. పూజవగానే మళ్లీ ఆన్ చేసీవచ్చు. అమ్మ మొక్కుకుంది కదా."

మొక్కు సంగతి నిజమే. కొడుకు పని పర్మినెంటయితే మూడో డబ్బా తలుపుకి తన చేత్తో బొట్టు పెడతానని భద్రమ్మ మొక్కుకుంది. మొన్న జూలైలో పర్మినెంటయింది. దేవుణ్ణి గేటు దగ్గర పెడతారని తెలిసి ఆవిడ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏట్రా గనపతీ, దేవుణ్ణి గుమ్మం అవతల కూకోబెట్టి, యంత్రాన్ని ఇవతల ఒగ్గీసి, మధ్యలో నువ్వు కాపలా కాత్తావేటి? నా మొక్కో?"

మొక్కు తేలికైన మాట కాదు. సైరను ఆపే మీట ఆయన చేతిలోనే ఉంది. గంట సేపు ఆపితే అక్క సంతోషిస్తుంది, మేనల్లుడు సంతోషిస్తాడు, దేవుడు ఉండాల్సిన చోట ఉంటాడు. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు బీరకాయ తరుగుతున్న భార్య అమ్మణ్ణి పక్కన పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"దేవుడి పొగ కోసం కాపలావోడి ముక్కు మూసీడం దేవుడికి ఇష్టమేనంటావా?"

అమ్మణ్ణి కత్తిపీట మీంచి తలెత్తలేదు. "నన్నడుగుతారేటండీ, ఆయన్నే అడగండి. పొయ్యి మీద పాలెట్టి పూజలో కూకుంటే నా చెవొకటి పొయ్యికాడే ఉంటాది. ఇన్నేళ్లయింది, ఆయనెప్పుడూ కోప్పడలేదు మరి."

గణపతిరావుకి అంతకంటే పెద్ద శాస్త్రం అక్కర్లేకపోయింది. దేవుడు గేటు దగ్గరే అని మర్నాడు ఖాయం చేసేశాడు.

పూజనాడు పొద్దున్న వాన కురిసి వెలిసింది. నదిగట్టు మీద రెల్లు తెల్లగా పూసి ఉంది. గేటు లోపల చిన్న పందిరి కింద మట్టి విశ్వకర్మ, ఆయన వెనక ఏనుగు. ఆ రోజు పురోహితుడికి పది షెడ్లు ఉంటాయి కాబట్టి ఏటా గణపతిరావే పుస్తకం చూసి పూజ చేయించేవాడు. పానాలు, మీటర్లు, డ్రిల్లు, నిచ్చెన, షిఫ్టు ఇంజనీరు సూరజ్ మోటారు సైకిలు, చివరికి మంచినీళ్ల ఫిల్టరు, అన్నిటికీ బొట్లు పడ్డాయి. డబ్బాల తాళాల గుత్తిని పువ్వు పెట్టి దేవుడి పాదాల దగ్గర ఉంచారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలాళ్లు అందరూ పందిరి బయట చెప్పులు విడిచి కూర్చున్నారు.

భద్రమ్మ తమ్ముడితో మాట్లాడలేదు. అమ్మణ్ణితో మాత్రం అతనికి వినపడేలా అంది.

"మీ ఆయన దేవుణ్ణి కూడా డ్యూటీలో ఏసీసినాడు అమ్మణ్ణీ. గేటు డ్యూటీ."

"మంచిదే వొదినా. ఇంట్లో కూకోబెడితే నాకు డ్యూటీ ఏత్తారు" అంది అమ్మణ్ణి, ప్రసాదం పొట్లాలు సంచీలో సర్దుతూ.

హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించగానే సైరను మోగింది. స్తంభం మీద పసుపు దీపం గిర్రున తిరగడం మొదలెట్టింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. "మళ్లీ దగ్గొచ్చీసింది" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సూరజ్ కూడా నవ్వుతూ, "ప్రేమ్ భయ్యా, ఖోల్ దో. ధూప్ కా ధువాఁ హోగా" అన్నాడు, సాంబ్రాణి పొగే అయ్యుంటుంది, తలుపు తీసెయ్యమని.

గణపతిరావు ముఖం సిగ్గుతో వేడెక్కింది. ఆయనకీ మొదట అదే అనిపించింది. ఇంత దూరం జరిపినా సాంబ్రాణి మళ్లీ పరువు తీసిందనుకున్నాడు. ఈలోగా ప్రేమ్‌కుమార్ దేవుడి పాదాల దగ్గర్నుంచి తాళాల గుత్తి తీసుకున్నాడు.

"ఒరే, పూజవకుండా ముట్టుకుంటావేట్రా?" అంది భద్రమ్మ.

"దో మినిట్ అమ్మా. గాలాడితే ఆగిపోద్ది" అని అతను డబ్బాల వైపు నడిచాడు.

గణపతిరావు సాంబ్రాణి మూకుడు వైపు చూశాడు. ఎందుకు చూశాడో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆయనకే తెలియలేదు. మూకుట్లోంచి లేచిన పొగ దారంలా సాగి, ఒంగి, గేటు మీదుగా రోడ్డు వైపు వెళ్తోంది. హారతి మంట కూడా అటే ఒరిగింది. గాలి డబ్బాల మీంచి ఇటు వస్తోంది. ఇక్కడి పొగ గాలికి ఎదురు నడిచి, ఎనభై అంగలు దాటి, మూసిన డబ్బాలోకి ఎలా వెళ్తుంది?

వెలుగుతున్న హారతి పళ్లేన్ని ఆయన నేల మీద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అలా చెయ్యలేదు. పంచె పైకెత్తి పరుగెత్తాడు.

దారిలో సగం దాటాక మేనల్లుడి చెయ్యి దొరికింది.

"ఆగరా. అది సాంబ్రాణి కాదు."

"కిందటేడూ ఇలగే మోగింది మావయ్యా. తీత్తే ఆగలేదేటి?"

"కిందటేడు మన పొగ లోపలికెళ్లింది. ఇప్పుడటు ఎల్లడానికి దారేదిరా? ఎనక్కి చూడు, గాలెటుందో."

"ఇందాక గాలి అటేసుంటాది. ఒగ్గు మావయ్యా. అందరూ చూత్తన్నారు, నవ్వుతున్నారు."

"నవ్వనీరా."

ప్రేమ్‌కుమార్ చెయ్యి విదిలించుకున్నాడు. ఇరవై ఆరేళ్ల వాడి బలం ముందు అరవై ఏళ్ల పట్టు ఎంత? అయితే గణపతిరావు ఈసారి పట్టుకున్నది చేతిని కాదు, గుత్తిని. పువ్వు పెట్టి, బొట్టు పెట్టి, పావుగంట కిందట తాను మంత్రం చదివిన గుత్తి. దాన్ని లాక్కుని, ఉన్న శక్తంతా పెట్టి కంచె మీంచి విసిరేశాడు. అది గలగలమంటూ వెళ్లి గట్టు మీది రెల్లులో పడింది.

ప్రేమ్‌కుమార్ నోరు తెరిచాడు. వెనక పందిరి కింద నవ్వులు ఆగిపోయాయి.

"దేవుడి కాడివి మావయ్యా అవి" అన్నాడు మెల్లగా.

అప్పుడే గాలి మీద ఒక వాసన వచ్చింది. తియ్యగా, ఘాటుగా, గోళ్లరంగు సీసా మూత తీసినట్టు. ఇద్దరికీ తగిలింది. మూడో డబ్బా నెత్తి మీది గొట్టం లోంచి తెల్లటి ఆవిరి లేచి, పైకి పోకుండా పక్కకి జారి, నేల వైపు దిగుతోంది.

ఇద్దరూ వెనక్కి నడిచారు, వడివడిగా.

"సూరజ్ బాబూ, లాల్ బటన్. తర్వాత ఫోను" అన్నాడు గణపతిరావు. సూరజ్ గేటు గదిలోకి పరుగెత్తి ఎర్ర బటను నొక్కాడు. డబ్బాలకీ బయటి తీగలకీ మధ్య కరెంటు తెగిపోయింది. ఫోనులో చెప్పాల్సింది గోడ మీద అతికించి ఉంది. ఒక్క ముక్క విడవకుండా చదివాడు.

గణపతిరావు మళ్లీ సాంబ్రాణి వైపు చూశాడు. ఆ పొగ ఎటు పోతోందో ఆ ఆవిరీ అటే వస్తుంది. అంటే పందిరి, గేటు, రోడ్డు, అన్నీ దాని దారిలోనే ఉన్నాయి. గేటులోంచి బయటికి పంపితే అది జనం వెంటే నడుస్తుంది.

"గేటొద్దు. పక్క తలుపులోంచి గట్టు మీదికి పదండి. పరుగెత్తకండి, పిల్లల్ని ఎత్తుకోండి" అన్నాడు. అరవలేదు. ఫౌండ్రీలో నేర్చుకున్నదది. అరిచే మనిషి మాట ఎవరూ వినరు.

ఆడవాళ్లు చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలెట్టారు.

"చెప్పులొద్దు. ఒట్టి కాళ్లతో రండి."

భద్రమ్మ ఒక్కతే కదల్లేదు. విగ్రహం నడుం చుట్టూ చెయ్యి వేసి లేపడానికి చూస్తోంది.

"అక్కా, ఆయన్ని ఉండనియ్యి."

"పూజ సగంలో ఉందిరా. అనాథలా ఒగ్గీసి పోతామేటి?"

"నువ్వు రాకపోతే నీ కొడుకు రాడు. వాడు రాకపోతే నేను రాను" అన్నాడు గణపతిరావు.

భద్రమ్మ విగ్రహాన్ని వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది.

గట్టు మీద దూరంగా వెళ్లాక అమ్మణ్ణి సంచీ తెరిచింది. "ముప్పయ్యెనిమిది పొట్లాలు కట్టినాను, మనిసికొకటి. అందరూ చెయ్యి చాపండి" అంది. ఒక్కొక్కరికీ పంచింది. చివరి పొట్లం చేతిలో మిగిలింది. ఆవిడ రంగు పోయిన ముఖంతో మళ్లీ అందరినీ చూసింది.

"నీదేనే అది" అన్నాడు గణపతిరావు. ఆవిడ గట్టు మీదే చతికిలబడింది.

మరో పది నిమిషాలకి మూడో డబ్బా ఒక్కసారి బరువుగా దగ్గినట్టయింది. పెద్ద చప్పుడు కూడా కాదు. తలుపు ఒకటి ఊడి, తిరుగుతూ వెళ్లి గరుకు రాళ్ల మీద పడింది. ఆ తర్వాత మంట కనబడింది. ప్రేమ్‌కుమార్ పొట్లం విప్పకుండా చేతిలో పట్టుకుని ఆ తలుపు పడ్డ చోటునే చూస్తూ నిలబడ్డాడు.

ఫైరింజన్లు వచ్చాయి. తనూజ దిగుతూనే అడిగింది, "ఎవరైనా తలుపు తీశారా?"

"లేదు మేడమ్."

"తాళాలేవి?"

"రెల్లులో ఉన్నాయి" అన్నాడు గణపతిరావు.

ఆమె ఒకసారి ఆయన్ని, ఒకసారి రెల్లుని చూసింది. "ఉండనివ్వండి. ఇవాళ వాటితో పనిలేదు."

మూడో డబ్బా మంటని ఎవరూ ఆర్పలేదు. నీళ్లన్నీ అటూ ఇటూ ఉన్న రెండో దాని మీద, నాలుగో దాని మీద పోశారు, వాటికి వేడి అంటకుండా. రోడ్డు ఆపేశారు. గాలి వెళ్లే వైపు ఇళ్లవాళ్లని కిటికీలు మూసుకుని లోపలే ఉండమన్నారు. మధ్యాహ్నమంతా డబ్బా తన పాటికి తను కాలింది. గణపతిరావు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో మంట లేచినప్పుడల్లా ఆయన కాళ్లు ముందుకి పోబోయేవి. ఆపుకున్నాడు. ఆమె చెప్పింది నిజమే, అంత కష్టమైన పని ఆయన ఫౌండ్రీలో కూడా చెయ్యలేదు.

సాయంత్రానికి మంట తగ్గింది. అయినా ఇలాంటివి ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటాయని తనూజ మూడు రోజులు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. గేటుకి అడ్డంగా తాడు కట్టారు. తాడుకి అవతల దేవుడు ఒక్కడే ఉండిపోయాడు. సగం పూజ, కొట్టని కొబ్బరికాయ, ముప్పయ్యెనిమిది జతల చెప్పులు.

ఆ మూడు రోజులూ భద్రమ్మ పొద్దున్నొకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసింది. "ఆయనకి మంచినీళ్లు కూడా లేవురా" అనేది. ప్రేమ్‌కుమార్ అసలు ఫోనే చెయ్యలేదు.

గణపతిరావు ఇంట్లో దీపం ముందు కూర్చుని లెంపలు వేసుకోబోయి ఆగిపోయేవాడు. పనిముట్టు పూజయ్యేదాకా ముట్టుకోకూడదని ఇన్నేళ్లూ చెప్పినవాడు తనే. దాన్ని విసిరేసినవాడూ తనే. తప్పయితే లెంపలు వేసుకోవాలి. మరి తప్పని మనసు ఒప్పుకోవడం లేదు. తప్పు కాకపోతే ఈ బెంగ ఎందుకు? ఈ సంగతి ఎవర్నడగాలో ఆయనకి తెలియలేదు. దీపంలో ఒత్తి సరిచేసి లేచేవాడు.

నాలుగో రోజు పొద్దున్న తాడు విప్పారు. మూడో డబ్బా దగ్గరికి వెళ్లొద్దని, పందిరి దాకా పర్లేదని తనూజ చెప్పింది. భార్యాభర్తలు, తల్లీకొడుకులు నలుగురూ వెళ్లారు.

విగ్రహం మీద మసి పేరుకుంది. ఏనుగు పూర్తిగా నల్లబడింది. చెప్పుల మీద బూడిద. పళ్లెంలో లడ్డూలు లేవు. పందిరి గుంజ మీద ఉడత ఒకటి వీళ్లని చూసి తోక ఊపింది.

"నువ్వు తినకుండా దీనికెట్టినావా తండ్రీ" అంది భద్రమ్మ. ఆవిడ గొంతు ఆ మూడు రోజుల్లో మొదటిసారి తేలికపడింది.

ప్రేమ్‌కుమార్ అక్కడ లేడు. కంచె అవతల రెల్లులో నడుం దాకా దిగి వెతుకుతున్నాడు. చాలాసేపటికి వచ్చాడు. చేతుల నిండా గీతలు, చొక్కా నిండా తెల్లటి దూది. గుత్తికి పువ్వు లేదు. వాన నీళ్లకి కుంకం కారి రింగు అంతా ఎర్రగా అంటుకుని ఉంది.

"ఇరవై రెండంగలు మావయ్యా" అన్నాడు.

"ఏటి?"

"ఆ తలుపు. డబ్బాకాణ్ణుంచి పడినకాడికి. తాడు అవతలనుంచే లెక్కెట్టినాను." గుత్తిని మేనమామకి చాచాడు. "నానైతే రెండంగల్లో ఉందును."

గణపతిరావు గుత్తి అందుకుని పంచె చెంగుతో తుడిచి, మళ్లీ దేవుడి పాదాల దగ్గర పెట్టాడు.

కొత్త కర్పూరం తీశారు. కొబ్బరికాయకి నీళ్లు చల్లారు. భద్రమ్మ కుంకుమ భరిణె పట్టుకుని మూడో డబ్బా వైపు చూస్తూ నిలబడింది. మొక్కుకున్న తలుపు అల్లంత దూరాన, రాళ్ల మీద, మాడి వంకర తిరిగి పడి ఉంది.

"నా మొక్కు ఏ తలుపుకి తీర్చుకోనురా ఇప్పుడు?" అంది.

ప్రేమ్‌కుమార్ నిచ్చెన తెచ్చి గేటు స్తంభానికి ఆనించాడు.

"మొన్న పానాలకెట్టినాం, మీటర్లకెట్టినాం, నీళ్ల ఫిల్టరుకీ ఎట్టినాం. దీనికి ఎవరమైనా ఎట్టినామేటి?" అన్నాడు, సైరను చూపిస్తూ. "అమ్మా, నువ్వే ఎట్టు. నేను పట్టుకుంటాను."

భద్రమ్మ తమ్ముడి వైపు చూసింది. అతను తలూపాడు. ఒకవైపు కొడుకు, ఒకవైపు తమ్ముడు నిచ్చెన పట్టుకుంటే, ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని మూడు మెట్లెక్కింది. మసి కొంగుతో తుడిచి, సైరను నుదుటి మీద నిండుగా ఒక బొట్టు, కింద పసుపు దీపానికి ఒకటి పెట్టింది. అక్కడే ఆగి, కిందికి వంగి అడిగింది.

"ఒరే గనపతీ, ఇది మళ్లీ మోగితే?"

"చెప్పులొగ్గీసి నడవడమే అక్కా."

"మరి ఈయన?" అంది, విగ్రహం వైపు చూపిస్తూ.

"మొన్న మూడ్రోజులూ ఒక్కడే ఉన్నాడు కదా" అన్నాడు గణపతిరావు.

భద్రమ్మ మెట్లు దిగింది. అమ్మణ్ణి హారతి పళ్లెం అందించింది. గాలి ఆ రోజు నది మీంచి వస్తోంది, పొగ డబ్బాల వైపు పోదు. గణపతిరావు మొదట అది చూసుకున్నాడు. తర్వాత కర్పూరం వెలిగించాడు.